పూర్వవిద్య – దర్శకశైలి: తెలుగు వ్యాపార చిత్రాల్లో నాలుగు దృష్టాంతాలు

ఉపోద్ఘాతం

తెలుగు శాఖల్లో సినిమాను పరిశోధనాంశంగా స్వీకరించినప్పుడు మన దృష్టి సహజంగా పాట మీద, మాట మీద నిలుస్తుంది. ఈ రెండూ అక్షరరూపంలో లభిస్తాయి; కావ్యాన్ని చదివిన అలవాటుతోనే వీటినీ చదవవచ్చు. గీతరచయితల కవిత్వాన్ని గురించి, సంభాషణ రచయితల నుడికారాన్ని గురించి విలువైన పరిశీలనలు వెలువడడానికి కారణం ఇదే. దర్శకుని దగ్గరికి వచ్చేసరికి మాత్రం మన విమర్శ పరిభాష పలచబడుతుంది. సాహిత్యాభిరుచి, విలువలు, తెలుగుదనం వంటి మాటలు శైలిని వివరించే పనిని తప్పించి, ప్రశంసతో సరిపెడతాయి.

ఈ అలవాటులో ఒక నిర్ణయం దాగి ఉంది. సాహిత్యానికి దగ్గరగా వచ్చిన దర్శకుడు గొప్పవాడు, దూరంగా ఉన్నవాడు కేవలం వ్యాపారి అన్న విభజనను మనం పరీక్షించకుండానే అంగీకరిస్తున్నాం. ఈ విభజన వల్ల రెండు నష్టాలు. సాహిత్యంతో సంబంధం లేని వృత్తుల నుంచి వచ్చిన దర్శకుల నైపుణ్యం మన లెక్కలోకి రాదు. సాహిత్యం నుంచి వచ్చిన దర్శకులు తెరమీద చేసిన సాహిత్యేతరమైన పని కూడా మరుగున పడుతుంది.

ఒక దర్శకుడు దర్శకత్వానికి ముందు అభ్యసించిన పనిని ఈ వ్యాసంలో 'పూర్వవిద్య' అని వ్యవహరిస్తున్నాను. ఆ పూర్వవిద్య శైలిగా ఎలా పరిణమిస్తుందో, ఎక్కడ బలమవుతుందో, ఎక్కడ పరిమితి అవుతుందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. శబ్దగ్రహణం నుంచి వచ్చిన కె.విశ్వనాథ్, చిత్రలేఖనం నుంచి వచ్చిన బాపు, నాటకరచన నుంచి వచ్చిన జంధ్యాల, కథానవలా రచన నుంచి వచ్చిన వంశీ ఇందుకు దృష్టాంతాలు. నలుగురూ పంపిణీదారుల మార్కెట్టుకు, సాధారణ ప్రేక్షకుని టిక్కెట్టుకు లోబడి చిత్రాలు తీసినవారే. కనుక వీరిని 'సమాంతర' దర్శకులుగా వేరుచేయకుండా, వ్యాపార చిత్ర దర్శకులుగానే చూడడం సమంజసం.

శైలిని ఎక్కడ వెతకాలి?

వ్యాపార చిత్రంలో దర్శకుడు ఎన్నుకోనివి చాలా ఉంటాయి. కథానాయకుని ప్రతిష్ఠ, అయిదారు పాటలు, విశ్రాంతి వేళకు ఒక మలుపు, హాస్యపు ఘట్టాలు, రెండున్నర గంటల నిడివి అతనికి ముందే నిర్ణయమై ఉంటాయి. కథ, పాట, సంగీతం, ఛాయాగ్రహణం ఇతరుల చేతుల్లో ఉంటాయి. ఇన్ని పరాధీనతల మధ్య దర్శకునిది అని చెప్పదగినది ఏమిటన్న ప్రశ్న సహజం. తాను కోరుకోని అంశాన్ని అతడు ఏ విధంగా వాడుకున్నాడన్న దానిలోనే శైలి స్పష్టంగా కనిపిస్తుంది. అందువల్ల కథావస్తువు కంటె పాటను, ఆగిన క్షణాన్ని, పాత్ర ప్రవేశాన్ని ఒరగల్లుగా తీసుకోవడం మేలు.

ఈ పద్ధతికి కె.వి.రెడ్డి మంచి ఉపక్రమం. భౌతికశాస్త్రం చదివి చిత్రరంగానికి వచ్చిన ఆయన మొదట చూసుకున్నవి లెక్కలు. రోహిణీ సంస్థలో క్యాషియరుగా, తరువాత వాహినీలో నిర్మాణ నిర్వాహకునిగా పనిచేసి, 'భక్తపోతన' (1943)తో దర్శకులయ్యారు. స్క్రిప్టు దశలోనే ప్రతి సన్నివేశపు నిడివిని గడియారంతో కొలిచి నిర్ణయించుకునే దర్శకునిగా ఆయనకు పేరు. 'మాయాబజార్' (1957)లోని నౌకావిహార గీతాన్ని ఈ వెలుగులో చూడాలి. ఒకే పాటలో మూడు జంటలు ఒకే వెన్నెలలోకి వస్తాయి. యువప్రేమికుల శృంగారం, పెద్దల దాంపత్యం, కృష్ణుని చమత్కారం, బలరాముని మెతకదనం – నాలుగు సన్నివేశాలకు సరిపడే సమాచారం ఒక పాట ఖర్చులో సమకూరింది. కోరుకున్నదాన్ని చూపించే ప్రియదర్శిని పేటిక కూడా ఇటువంటి పొదుపే. పాత్రల అంతరంగాలను వేర్వేరు సన్నివేశాల్లో వివరించే బదులు, పేటిక మూత తెరిచినప్పుడు ఎవరికి ఏది కనిపించిందో చూపితే చాలు. దీన్ని పురాణ పరిజ్ఞానంగా మాత్రమే వివరిస్తే, లెక్క తెలిసిన మనిషి చేసిన కూర్పు మన దృష్టి నుంచి జారిపోతుంది. పూర్వవిద్య అంటే విషయపరిజ్ఞానం కాదు. దేన్ని ముందు పట్టించుకోవాలో నేర్పే అలవాటు.

కె.విశ్వనాథ్: వినికిడి

గుంటూరులో బి.ఎస్సీ. పూర్తిచేసిన కె.విశ్వనాథ్ (1930–2023) మద్రాసు వాహినీ స్టూడియోలో శబ్దగ్రహణ విభాగంలో వృత్తి ప్రారంభించారు. శబ్దగ్రాహకుని పనిలో ఒక ప్రత్యేకత ఉంది. దృశ్యం ఎంత బాగా వచ్చినా అతడు చెవిని బట్టే తీర్పు చెప్పాలి. ఏ ధ్వని ముందుకు రావాలి, ఏది వెనక్కి తగ్గాలి, ఎక్కడ ఏదీ వినిపించకూడదు అన్న విచక్షణ అతనికి నిత్యకృత్యం. నిశ్శబ్దం కూడా అతనికి గ్రహించవలసిన వస్తువే. తరువాత ఆయన ఆదుర్తి సుబ్బారావు వద్ద సహాయ దర్శకునిగా చేరారు. కూర్పు విద్య తెలిసిన ఆదుర్తి సాన్నిహిత్యం కథాగమనంలో ఆయనకు శిక్షణ అయింది.

విశ్వనాథ్ చిత్రాలను సంగీత ప్రధానాలని అనడం పరిపాటి. నిజానికి వాటిలో సంగీతం కంటె మౌలికమైనది వినడం. 'సిరిసిరిమువ్వ' (1976)లో నాయిక మూగ. ఆమె కాలి మువ్వకు తోడు నిలిచేది సాంబయ్య డప్పు. గొంతు లేని చోట చర్మవాద్యం, పాదం మాట్లాడతాయి. 'సిరివెన్నెల' (1986)లో వేణువు ఊదేవానికి చూపు లేదు, చిత్రాలు గీసే అమ్మాయికి మాట లేదు. ఆమె గీసినది అతడు చూడలేడు. అతడు అడిగినదానికి ఆమె బదులు పలకలేదు. మూడో మనిషి సాయం లేకుండా వీరిద్దరి మధ్య ఒక్క వాక్యమైనా నడవదు. కథగా చెప్పుకుంటే ఇది అతిశయోక్తిగా తోచవచ్చు. ధ్వనిని, చిత్రాన్ని వేర్వేరు పట్టాలుగా ఎరిగిన మనిషి వేసుకున్న సమస్యగా చూస్తే మాత్రం ఇది సినిమా మూలాన్నే ప్రశ్నించే అమరిక. ఫిల్ము మీద విడివిడిగా ఉండే ఆ రెండూ ఎక్కడ, ఎలా కలుస్తాయన్నదే ఆ చిత్రపు అంతర్గత విషయం.

'శంకరాభరణం' (1980) ముగింపు ఈ శైలికి పరాకాష్ఠ. కచేరీ మధ్యలో శంకరశాస్త్రి గొంతు ఆగుతుంది. శిష్యుడైన బాలుడు ఆ పాటను అందుకుంటాడు. మరణాన్ని సూచించడానికి వ్యాపార చిత్రానికి అలవాటైన ఏడుపులు, వాద్యఘోష ఎన్నో ఉన్నాయి. ఇక్కడ మరణం ప్రధానంగా ఒక గొంతు స్థానంలో మరొక గొంతు రావడంగా వినిపిస్తుంది. పాట ఆగలేదన్నదే వార్త. అదే చిత్రంలో స్వరం తప్పిన కూతురిని తండ్రి ఒక్క పిలుపుతో నిలువరించే సన్నివేశం ప్రేక్షకులకు గుర్తున్నది. ఆమె మనసు ఎటు పోయిందో తండ్రికి ముందుగా తెలిపింది చెవి.

ఈ వినికిడికి ఒక మూల్యం ఉంది. దాన్ని ప్రస్తావించకపోతే విమర్శ అసంపూర్ణమవుతుంది. ఒక గొంతు నిర్మలంగా వినిపించాలంటే మిగిలిన ధ్వనులను తగ్గించాలన్నది శబ్దగ్రహణ సూత్రం. విశ్వనాథ్ లోకంలో ఈ సూత్రం సామాజిక క్రమంగా కూడా మారుతుంది. 'శంకరాభరణం'లో తులసి దాదాపు మాటలేని మనిషి. గురువు గొంతు మహోన్నతంగా వినిపించడానికి ఆమె మౌనం వేదిక అవుతుంది. పాశ్చాత్య సంగీతం ఎగతాళిగా, రొదగా మాత్రమే ప్రవేశిస్తుంది. దాన్ని వినదగిన సంగీతంగా చిత్రం ఒక్కసారైనా పరిగణించదు. 'సాగరసంగమం' (1983)లో ఈ క్రమం కొంత సడలింది. తాగిన మత్తులో నూతి గట్టుమీద నర్తించే బాలులో జతి, వాన, తడబాటు ఒకే స్థాయిలో కలిశాయి. శ్రుతి చెడిన కళాకారుడు కథానాయకుడైనప్పుడే విశ్వనాథ్ వినికిడి విశాలమైందని నా అభిప్రాయం. 'స్వర్ణకమలం' (1988)లో నాట్యం వద్దనే నాయిక వాదానికి చాలాసేపు సావకాశం దొరకడం ఈ మార్పుకు కొనసాగింపే, చివరకు ఆ వాదం ఓడిపోయినా సరే.

బాపు: గీత

సత్తిరాజు లక్ష్మీనారాయణ (1933–2014) న్యాయశాస్త్ర పట్టభద్రులు; వృత్తిచేత చిత్రకారులు. పత్రికలకు బొమ్మలు, కార్టూన్లు, పుస్తకాలకు ముఖచిత్రాలు వేసి 'సాక్షి' (1967)తో దర్శకులయ్యారు. చిత్రీకరణకు ముందే దృశ్యాలను బొమ్మలుగా గీసుకునే ఆయన పద్ధతి ప్రసిద్ధం. దీన్ని చిత్రకారుని ముచ్చటగా పేర్కొని వదిలేయడం మన అలవాటు. ఆ బొమ్మలు నిర్మాణ వ్యయాన్ని అదుపులో ఉంచే పనిముట్లు కూడా. ఏది చట్రంలో ఉంటుందో ముందే తెలిస్తే, చట్రం బయట దేనికీ ఖర్చు పెట్టనక్కరలేదు. 'సాక్షి'ని స్టూడియో సెట్లు విడిచి గోదావరి పల్లెలో తీయగలగడం వెనుక ఈ ముందుచూపు ఉందని భావించవచ్చు.

బాపు చిత్రాలను వర్ణచిత్రాలతో పోల్చడం కంటె కార్టూనుతో పోల్చడం ఎక్కువ ఫలవంతం. కార్టూనుకు రెండు అంగాలు – గీత, దానికింద మాట. గీత మనిషిని ఒక్క భంగిమలో పట్టుకుంటుంది. మాట ఆ భంగిమకు కొస మెరుపు ఇస్తుంది. బాపు – ముళ్ళపూడి వెంకటరమణల సహకారం చాలా సన్నివేశాల్లో ఈ నిర్మాణాన్నే అనుసరించింది. రమణ సంభాషణ చర్చను సాగదీయదు. బొమ్మకింద వ్యాఖ్యలా పడుతుంది. 'ముత్యాలముగ్గు' (1975)లో రావు గోపాలరావు ధరించిన కాంట్రాక్టరు ఇందుకు ఉత్తమ ఉదాహరణ. హత్య పురమాయించే మనిషి సూర్యోదయాన్ని రసజ్ఞునిలా చూస్తాడు. కళాపోషణ గురించి మాట్లాడతాడు. అతని క్రౌర్యం అరుపుల్లో లేదు, నింపాదిలో ఉంది. ఆ పాత్ర తరువాతి తెలుగు ప్రతినాయకులకు నమూనా అయింది.

ఇక్కడ ఒక వైరుధ్యం గమనించదగింది. ఉత్తర రామాయణ ఛాయలో అల్లిన ఆ కథకు కేంద్రం నింద మోసి ఇల్లు విడిచిన ఇల్లాలు. అయినా ప్రేక్షకుల జ్ఞాపకంలో మిగిలింది కాంట్రాక్టరు. కార్టూనిస్టు గీత వంకరను ప్రేమిస్తుంది. దోషం ఉన్న ముఖంలో దానికి పట్టు దొరుకుతుంది. దోషం లేని నాయిక దగ్గర అదే చేయి పత్రికల ముఖచిత్రం వేసే చేయిగా మారుతుంది. వాలుజడ, పెద్ద కళ్ళు, ముగ్గు, గుమ్మం, దీపం అనే అందమైన చట్రంలో ఆమె దుఃఖం కూడా అలంకారమవుతుంది. ఆమెకు కోపం రాదు. వస్తే బొమ్మ చెడుతుంది. 'బాపు బొమ్మ' అన్న జాతీయం తెలుగులో స్త్రీ సౌందర్యానికి ప్రశంసగా స్థిరపడింది. అది పాత్రచిత్రణకు విధించుకున్న హద్దు కూడా అని గుర్తించడం అవసరం. 'మిస్టర్ పెళ్ళాం' (1993)లో ఈ హద్దును దాటడానికి కొంత ప్రయత్నం జరిగింది. అక్కడ ఇల్లాలు ఉద్యోగానికి వెళుతుంది, పేచీ పడుతుంది, గెలుస్తుంది. కార్టూను ఆమెను కూడా పట్టించుకున్న చిత్రమది.

పౌరాణికాల్లో మాత్రం గీత తన సహజక్షేత్రాన్ని చేరుకుంది. 'సీతాకల్యాణం' (1976)లో కథ అందరికీ తెలిసిందే. ఉత్కంఠకు తావు లేదు. అందువల్ల దర్శకుడు కథను నడిపే భారం దించుకుని, గంగావతరణం వంటి ఘట్టాలను వరుస పటాలుగా విప్పగలిగారు. తెలిసిన కథను బొమ్మలతో చెప్పే తోలుబొమ్మలాట, పటకథ సంప్రదాయాలతో దీనికి పోలిక ఉంది. ఈ కోణంలో సవివరమైన పరిశోధనకు అవకాశముంది.

జంధ్యాల: రంగస్థలం

జంధ్యాల సుబ్రహ్మణ్యశాస్త్రి (1951–2001) నాటకరచయితగా గుర్తింపు పొంది సంభాషణ రచయితగా చిత్రరంగంలో ప్రవేశించారు. 'అడవిరాముడు' (1977), 'వేటగాడు' (1979) వంటి భారీ విజయాలకు, 'శంకరాభరణం', 'సాగరసంగమం' వంటి చిత్రాలకు మాటలు రాసింది ఒక్కరే. 'ముద్దమందారం' (1981)తో ఆయన దర్శకులయ్యారు. ఆయన హాస్యాన్ని గురించి మన వ్యాసాలు ప్రధానంగా భాషాచమత్కారాన్నే పేర్కొంటాయి – తిట్లలోని సమాస కల్పన, శబ్దాలంకారం, వింత ఊతపదాలు. ఇవన్నీ నిజమే. అయితే ఆ మాటలు పేలడానికి అనువైన దృశ్య వ్యవస్థ గురించి మనం తక్కువగా మాట్లాడాం.

రంగస్థలం మీద నటుణ్ణి సమీప దృశ్యంలో చూపలేం. ప్రేక్షకుని చూపును నడిపించేవి మాట, కదలిక, ఒక వస్తువు. జంధ్యాల తెరమీద కూడా ఈ మూడింటినే నమ్ముకున్నారు. 'అహ నా పెళ్ళంట' (1987)లో కోట శ్రీనివాసరావు ధరించిన పిసినారి, తాడుకు వేలాడదీసిన కోడిని చూస్తూ వట్టి అన్నం తినే సన్నివేశాన్ని పరిశీలించండి. ఒక గది, ఒక మనిషి, ఒక వస్తువు – పల్లెటూరి పందిరి మీద కూడా ఆడించగల దృశ్యం. పిసినారితనాన్ని నిర్వచించడానికి ఇంతకంటె సంభాషణ అవసరం లేదు. మాటల మాంత్రికునిగా పేరుపడ్డ రచయిత ఆ పాత్రకు ఇచ్చిన అత్యుత్తమ నిర్వచనం ఒక మూక దృశ్యం కావడం విశేషం.

నాటకం నుంచి ఆయన తెచ్చుకున్న రెండో లక్షణం ఆవృత్తి. ఒక పాత్రకు ఒక విపరీతాన్ని అంటగట్టి, దాన్ని వేర్వేరు సందర్భాల్లో తిరిగి ప్రవేశపెట్టడం ఆయన పద్ధతి. 'శ్రీవారికి ప్రేమలేఖ' (1984)లో శ్రీలక్ష్మి పాత్ర సినిమా కథ చెప్పడం మొదలుపెడితే పేర్లపట్టిక కూడా వదలదు. మొదటిసారి అది వింత. రెండోసారి ప్రేక్షకుడు ముందే నవ్వడానికి సిద్ధపడతాడు. ఆపైన వినవలసి వచ్చిన ఎదుటి పాత్ర ముఖమే హాస్యం. పాటలో పల్లవి చేసే పనిని ఆయన చిత్రాల్లో ఈ విపరీతాలు చేస్తాయి. 'నాలుగు స్తంభాలాట' (1982)లో వీరభద్రరావు, వేలు జంట పంచుకున్న 'సుత్తి' వారి ఇంటిపేరుగా మారిపోవడం ఈ పల్లవి శక్తికి నిదర్శనం.

పరిమితి కూడా ఇక్కడే ఉంది. పాత్ర ఒక విపరీతంతో నిర్వచితమైనప్పుడు దానికి మార్పు సాధ్యం కాదు. జంధ్యాల చిత్రాల్లో ఉపపాత్రలు జీవంతో తొణికిసలాడుతుండగా ప్రేమజంటలు తరచు వెలవెలబోవడానికి హేతువిదే. ప్రేమలో పడ్డ మనిషి మారాలి. ఆయన హాస్యసూత్రం మార్పును సహించదు. కూచిపూడి నేపథ్యంతో తీసిన 'ఆనందభైరవి' (1983) వంటి గంభీర చిత్రాల్లో ఈ సూత్రాన్ని ఆయన పక్కన పెట్టారు. అందుకే అవి ఆయనవిగా వెంటనే గుర్తుకు రావు. తన పూర్వవిద్యను విడిచిన చోట దర్శకుని సంతకం కూడా పలచబడిందని దీన్నిబట్టి తెలుస్తుంది.

వంశీ: కథనం

తూర్పు గోదావరి పసలపూడి నుంచి వచ్చిన వంశీ కథానవలా రచయిత. 'మంచుపల్లకి' (1982) ఆయన తొలి చిత్రం. రెండో చిత్రం 'సితార' (1984)కు ఆయన నవల 'మహల్లో కోకిల' ఆధారం. తరువాతి కాలంలో 'మా పసలపూడి కథలు' ఆయనకు కథకునిగా విస్తృతమైన పాఠకలోకాన్ని ఇచ్చాయి. సాహిత్య నేపథ్యం ఉన్న దర్శకుడు మాటమీద ఆధారపడతాడన్న మన సాధారణ ఊహకు వంశీ చిత్రాలు ఎదురు నిలుస్తాయి. ఈ నలుగురిలో మాటకు అతి తక్కువ బరువు ఇచ్చినవాడు నవలాకారుడే.

దీనికి కారణం వచనరచనలోనే ఉంది. నాటకకర్తకు సంభాషణ తప్ప మరో ఆధారం లేదు. నవలాకారునికి సంభాషణ అనేక సాధనాల్లో ఒకటి. అతని అసలు అధికారం కాలంమీద – ఒక వాక్యంలో పదేళ్ళు దాటవచ్చు, ఒక సాయంత్రాన్ని పది పుటలు నిలపవచ్చు. తెరమీద ఈ అధికారం కూర్పు ద్వారా సిద్ధిస్తుంది. 'సితార' వర్తమానంలో ప్రసిద్ధ నటి అయిన యువతితో మొదలై, శిథిలమవుతున్న కోటలోని ఆమె గతంలోకి వెళుతుంది. పగటివేషగానితో ఆమె పరిచయం, అన్న ఆభిజాత్యం జ్ఞాపకంగా, ముక్కలుగా అందుతాయి. ఆ చిత్రానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం రావడంతోపాటు, కూర్పుకు అనిల్ మల్నాడ్, గానానికి ఎస్.జానకి జాతీయ పురస్కారాలు అందుకున్నారు. ఈ చిత్రం ఏ అంగాల్లో బలమైనదో ఆ మూడు పురస్కారాలే సూచిస్తున్నాయి.

వంశీ పాటల చిత్రీకరణను ఈ దృష్టితో చూడాలి. ఆయన పాటలో నాయికానాయకుల నృత్యం ప్రధానం కాదు. గోదావరి గట్టు, పడవ, లాకు, కొబ్బరి నీడ, చెదిరిన నవ్వు – పొట్టి దృశ్యాలు ఇళయరాజా లయకు అనుగుణంగా వెంటవెంట మారతాయి. నవలలో వర్ణన చేసే పనిని పాట తీసుకుంటుంది. పాట ముగిసేసరికి కథలో కొన్ని వారాలు గడిచిపోతాయి, ఊరు మనకు పరిచయమవుతుంది. 'లేడీస్ టైలర్' (1986) కథాసూత్రం చూస్తే అది వారపత్రిక కథల మాల. పుట్టుమచ్చ వెతుకులాట ఒక దారం మాత్రమే. దానికి గుచ్చినవి ఊళ్ళోని మనుషులు.

ఆ దారం స్వభావాన్ని మాత్రం దాటవేయకూడదు. వెతుకులాట స్త్రీ శరీరం మీద సాగుతుంది. ప్రేక్షకుడు నాయకునితో కలిసి వెతకవలసి వస్తుంది. కథలో ఇటువంటి నాయకుణ్ణి చిత్రించినప్పుడు వచన కథకుని స్వరం అతనికీ పాఠకునికీ మధ్య కొంత ఎడం కల్పించగలదు. తెరమీద ఆ స్వరం ఉండదు. కెమెరా ఆ ఎడాన్ని చెరిపేస్తుంది. కథనం నుంచి తెచ్చుకున్న బలాల్లో కాలవిన్యాసం తెరకు వచ్చింది గాని కథకుని వ్యంగ్యదూరం పూర్తిగా రాలేదు. పూర్వవిద్యలో అన్నీ మాధ్యమం దాటి రావని చెప్పడానికి ఇది మంచి నిదర్శనం.

తులనాత్మక పరిశీలన

ఈ నలుగురిలో ముగ్గురి మధ్య వృత్తి సంబంధం ఉంది. విశ్వనాథ్ చిత్రాలకు జంధ్యాల మాటలు రాశారు. విశ్వనాథ్ తీసిన 'శంకరాభరణం', 'సాగరసంగమం', వంశీ తీసిన 'సితార' – మూడింటికీ నిర్మాత పూర్ణోదయ సంస్థకు చెందిన ఏడిద నాగేశ్వరరావే. కళ నేపథ్యంగా ఉన్న కథలను ఆదరించే నిర్మాణ వాతావరణం ఒకటే అయినా ఫలితాలు భిన్నమైనవి. ఒకే కళాకారుని పతనాన్ని విశ్వనాథ్ తాళం తప్పిన అడుగుగా వినిపిస్తే, ఒకే అంతఃపుర స్త్రీ విడుదలను వంశీ చెదిరిన కాలంగా అమర్చారు. నిర్మాత అభిరుచి, సంస్థాగత వాతావరణం శైలిని పూర్తిగా వివరించలేవని దీనివల్ల తేలుతుంది.

అయితే పూర్వవిద్య ఒక్కటే శైలిని నిర్ణయిస్తుందనడం కూడా తప్పు. విశ్వనాథ్ తొలి చిత్రం 'ఆత్మగౌరవం' 1965లో వచ్చింది. వినికిడి ఆయన కథాకేంద్రమైన 'సిరిసిరిమువ్వ' 1976లో వచ్చింది. ఈ పదకొండేళ్ళలోనూ ఆయన అదే శబ్దగ్రాహకుడు. ఆ విద్య నిద్రాణంగా ఉండిపోవడానికి కారణం, అది సంఘటనగా మారగల కథ దొరకకపోవడం, నటుని ప్రతిష్ఠ కంటె కథమీద పెట్టుబడి పెట్టే నిర్మాత కొరవడడం. కనుక పూర్వవిద్య బీజం వంటిది. తగిన కథ, నిర్మాత ఇచ్చే స్వేచ్ఛ, సహకారుల పొందిక ఒకచోట చేరినప్పుడే అది శైలి అవుతుంది. బాపుకు రమణ, విశ్వనాథ్‌కు కె.వి.మహదేవన్, వేటూరి, వంశీకి ఇళయరాజా ఈ పొందికలో భాగస్వాములు. దర్శకుని సంతకం అని మనం పిలిచేది చాలాసార్లు ఉమ్మడి చేవ్రాలు.

మరొక అంశం. నలుగురిలోనూ బలం, లోపం ఒకే మూలం నుంచి పుట్టాయి. వినికిడి కొందరిని మౌనంలోకి నెట్టింది. గీత నాయికను బొమ్మ చేసింది. రంగస్థల ఆవృత్తి మనిషిని స్థిరపరిచింది. కథనం తన వ్యంగ్యదూరాన్ని దారిలో పోగొట్టుకుంది. గుణదోషాలను రెండు జాబితాలుగా విడదీసే మన అలవాటు శైలిని అర్థం చేసుకోవడానికి తోడ్పడదు. దోషం ఎక్కువసార్లు గుణానికి నీడ.

ముగింపు

సాహిత్యానికి దగ్గరితనమే వ్యాపార చిత్ర దర్శకుని విలువకు కొలమానం కాజాలదని పై పరిశీలన వల్ల అవగతమవుతుంది. శబ్దగ్రాహకుడు నిశ్శబ్దాన్ని కథ చేశాడు. నాటకకర్త మాటలేని దృశ్యంతో పిసినారితనాన్ని నిర్వచించాడు. నవలాకారుడు మాటను తగ్గించి కూర్పును నమ్ముకున్నాడు. పాటల పుస్తకాన్ని, సంభాషణల ప్రతిని మాత్రమే చదివే పరిశోధనకు ఈ మూడూ అందవు.

నాటకరంగం నుంచి వచ్చిన దాసరి నారాయణరావు, ఛాయాగ్రహణం నుంచి వచ్చిన తేజ, సంభాషణ రచన నుంచి వచ్చిన త్రివిక్రమ్ శ్రీనివాస్ వంటి దర్శకులను ఇదే పద్ధతిలో పరిశీలించవచ్చు. అందుకు తెలుగు పరిశోధకుడు సినిమా విద్యలన్నింటిలో నిష్ణాతుడు కానక్కరలేదు. పాట ఎక్కడ మొదలై కథను ఎక్కడ వదిలిందో, సన్నివేశంలో ఎవరి గొంతు ఆగిందో, దృశ్యం ఎంతసేపు నిలిచిందో గమనించి నమోదు చేస్తే చాలు. కావ్యంలో యతిస్థానాన్ని, శయ్యను, పాకాన్ని గుర్తించే శిక్షణ మనకు ఉంది. ఆ శ్రద్ధను తెరమీదికి మళ్ళించడం తెలుగు శాఖలకు అసాధ్యం కాదు. తెలుగు జనజీవితంపై ఇంతటి ప్రభావం చూపిన కళను కేవలం పాటల సంపుటిగా చదివి ఊరుకోవడం పరిశోధనగా మనకే లోటు.